పద్నాలుగో వరస

నా ఇరవయ్యారేళ్ల ఉద్యోగంలో బోర్డు మీద గీసిన బొమ్మలన్నిటిలోకీ బాగా కుదిరిన బొమ్మ ఒకటుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ సుద్దముక్క తీసుకుని నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. కంప్యూటర్ పనుల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి సార్" అంటుంటారు. బాగుచేసిన మిషన్ల గురించి వాళ్లకి చెప్పను. అవి చెప్పుకోవడానికి ప్రతివాడికీ నాలుగుంటాయి. ఈ బొమ్మ గురించి చెబుతాను.

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబు నా చేతికింద ఉండేది. అరవై మిషన్లు. ప్రతిదాంట్లోనూ మిషన్‌ని నడిపే ప్రోగ్రాములు రెండు, విండోస్ ఒకటి, లినక్స్ ఒకటి. మిషన్ ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది, కావలసింది నొక్కుకోవడమే. ఒకే డిస్కులో రెండు కాపురాలు పెట్టాలంటే ఉన్న చోటుని కుదించి, జరిపి, కొత్తగా హద్దులు వేయాలి. పొలంలో గట్టు జరపడం లాంటి పనే. పైరు నిలబడి ఉండగానే జరపాలి, అంతే తేడా. ఆ పని నేను కళ్లు మూసుకుని చేస్తానని పేరు. ఆ పేరు పుట్టించింది కూడా నేనే.

నాతోపాటు ల్యాబులో ఒక అటెండరు ఉండేవాడు. దాదాపు నా ఈడువాడే. రోజూ కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటోలో వచ్చేవాడు. చదువు పెద్దగా లేదు గానీ చెవి మహా గట్టిది. వరసలో నడుచుకుంటూ వెళ్తూనే, "సారూ, ఆ మూలదాని ఫేను అరుగుతన్నాది, బేగి సూడండి" అనేవాడు. వారం తిరక్కుండా ఆ ఫ్యాను ఆగిపోయేది. నేను మాత్రం ప్రతిసారీ కాకతాళీయం అనేవాణ్ణి.

ఒక వేసవిలో మా కాలేజీవాళ్లు ఊళ్లో ఆడవాళ్లకి రెండు వారాలు ఉచితంగా కంప్యూటర్ తరగతులు పెట్టి, చెప్పే పని నా మీద వేశారు. ముందు బెంచీలో ఒక టీచరమ్మగారు కూర్చునేవారు. క్రైస్తవ మిషనరీల బడిలో పనిచేసి రిటైరైన మనిషి. నా ప్రతి మాటా నోటు పుస్తకంలో రాసుకునేవారు. డిస్కు అంటే ఏమిటని అడిగితే నేను బోర్డు మీద ఒక ఇల్లు గీశాను. దాంట్లో మూడు గదులు. మొదటి గది C, రెండోది D, మూడోది E. "మొదటి గదిలో విండోస్ కాపురం ఉంటుంది. అది చెడిపోతే ఆ గది కడిగేస్తాం. కాబట్టి విలువైనవి మిగతా గదుల్లో దాచుకోండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ ఊపులోనే ఇంకో నీతి కూడా చెప్పాను. "పెన్‌డ్రైవులు పెట్టకండి, వైరస్ వస్తుంది." మా ల్యాబు గోడ మీద పెద్దక్షరాలతో రాయించిన మాటే అది. టీచరమ్మగారు రెండూ రాసుకున్నారు.

ఆ తర్వాత రెండేళ్లకి, అంటే నేను రిటైరవడానికి ఏడాది ముందు, అక్టోబరు చివర్లో ఒక ఉదయం ఆవిడ ఆటో దిగారు. ఒళ్లో తువ్వాలు చుట్టిన సీపీయూ ఉంది.

"పింఛను కాగితాలు ఆన్‌లైన్లో పంపాలండి. ఇందులో ఏ సైటూ తెరుసుకోట్లేదు, పాతదైపోయిందంటన్నారు. మా తెలుగు టైపు మాత్రం ఈ పాత విండోస్‌లోనే ఆడతాది. దాన్ని తియ్యకుండా పక్కన కొత్తది పెట్టొచ్చని మీరు క్లాసులో సెప్పారు కదండి."

పెట్టొచ్చన్నాను. తెరిచి చూస్తే C నిండిపోయి ఉంది. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది దాని సంగతి. E ని కుదించి, D ని పక్కకి జరిపి, C ని కాస్త పెంచి, చివర మిగిలిన చోటులో లినక్స్ పెట్టాలి. పూట పని.

"జాగర్తండి" అన్నారావిడ. "ఇందులో మా సమాధుల తోట ఉంది."

అప్పుడు చెప్పారు. వాళ్ల చర్చి సంఘానికి ఊరి చివర పాత సమాధుల తోట ఉంది. రాళ్లు పెట్టించుకోగలిగినవాళ్లు కొందరే. మిగతావి ఉత్త మట్టి దిబ్బలు. ఏ దిబ్బ ఎవరిదో గోతులు తీసే ముసలాయనకి ఒక్కడికే తెలుసు. ఆవిడ ఏడాదిపాటు ప్రతి గురువారం ఆయన వెంట తిరిగారు. గోడ నుంచి ఎన్ని అంగలు, ఏ వరస, ఎన్నోది, ఎవరు, ఎవరి తాలూకు అన్నీ రాసుకుని, ఇంటికొచ్చి టైపు చేశారు. మొత్తం పద్నాలుగు వరసలు. ముసలాయన వేసవిలో పోయాడు. ఈ మధ్యనే కమిటీవాళ్లు తోటలో తుప్పలు పెరిగి పాములు తిరుగుతున్నాయని పొక్లెయిన్ పెట్టించి నేలంతా చదును చేయించారు. దిబ్బలు, కర్ర సిలువలు, వాళ్లూ వీళ్లూ గుర్తుకి నాటుకున్న మొక్కలు, అన్నీ పోయాయి. ఎవరో వద్దన్నారట. "టీచరమ్మగారి కంప్యూటర్లో ఉంది కదా" అని సర్దిచెప్పారట.

నవంబరు రెండున సమాధుల పండుగ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం సున్నం బకెట్లు, పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చి తమవాళ్ల సమాధి అలంకరించుకునే రోజు. అది ఆరు రోజుల్లో ఉంది. వచ్చినవాళ్లకి ఇదిగో మీవాళ్లు ఇక్కడ అని చూపించడానికి ఈ భూమ్మీద ఉన్న ఆధారం ఆ సీపీయూ ఒక్కటే.

"బ్యాకప్ ఉందాండి?" అని అడిగాను. అడగకపోలేదు. ఈ మాట నా తరఫున రాసుకోండి.

"ఉందండి. మూడు సోట్ల పెట్టాను. మీరు సెప్పినట్టే."

నా శిష్యురాలు కదా అని గర్వపడ్డాను. ఏ మూడు చోట్లో అడగలేదు. ఆవిడ ఇంటికి వెళ్లిపోయారు.

డిస్కు ఆరోగ్యం చూసే ప్రోగ్రాం మా దగ్గరుంది. నడిపితే పావుగంట. నేను నడపలేదు. ల్యాబు మిషన్లలో పోయేదేమీ ఉండదు, పోతే గంటలో మళ్లీ అంతా ఎక్కించేస్తాం. పాతికేళ్లుగా, పోయినా ఫరవాలేని వాటి మీద పనిచేసి చేసి, పోకూడనిదాన్ని కూడా అదే చేత్తో పట్టుకున్నాను.

పదింటికి మొదలుపెట్టాను. E ని కుదించడం ఐదు నిమిషాల్లో అయింది. తర్వాత D జరగాలి. జరగడమంటే అందులో ఉన్న ప్రతి ముక్కనీ ఒకచోట చదివి ఇంకోచోట రాయాలి. తెర మీద గీత మెల్లగా నిండుతోంది. నేను టీ తెప్పించుకున్నాను. పదకొండున్నరకి గీత మూడోవంతు దగ్గర ఆగింది. ఆగడం మామూలే అనుకున్నాను. కప్పు కింద పెట్టలేదు.

అటెండరు తుడుస్తున్న బల్ల వదిలేసి వచ్చి, సీపీయూ దగ్గర వంగి చెవి ఆనించాడు.

"సారూ, ఇదేటండి, లోపల గడియారం లాగ కొట్టుకుంటన్నాది?"

నేనూ వంగాను. టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్, టిక్. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఆ చప్పుడు గురించి వివరించనక్కర్లేదు. మిగతావాళ్లకి ఒక్క ముక్కలో చెబుతాను. డిస్కు చదవడానికి ప్రయత్నించి, చదవలేక వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నిస్తోంది. ముసలి డిస్కు. దానిచేత గంటన్నరగా బరువులు మోయించాను. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. D సగం పాతచోట, సగం కొత్తచోట ఉంది. అంటే ఎక్కడా లేదు.

స్విచ్ కట్టేసి టీచరమ్మగారికి ఫోన్ చేశాను.

"మూడు చోట్లన్నారు కదండీ, ఎక్కడెక్కడ?"

"సీలో ఒకటి, డీలో ఒకటి, ఈలో ఒకటి."

పక్కనున్న కుర్చీ పట్టుకున్నాను.

"పెన్‌డ్రైవులో...?"

"అది పెడితే వైరసొస్తాదని మీరే అన్నారు కదండి."

"పోనీ చేత్తో రాసుకున్న పుస్తకం?"

"టైపు అయిపోయాక పాత పేపర్లలో ఇచ్చీసాను. ప్రింటు తీయిద్దామంటే ఇంకు లేదు. ఏటండి, ఏటైంది?"

ఏమైందో చెప్పాను. అరగంటలో ఆవిడ ల్యాబులో ఉన్నారు.

అప్పుడు నడిపాను ఆ పావుగంట ప్రోగ్రాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. డిస్కులో చెడ్డచోట్లు రెండో గదిలో గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఇక చేయగలిగింది ఒకటే. ల్యాబు నుంచి మంచి డిస్కొకటి తెచ్చి పక్కన పెట్టి, చెడ్డచోట్లు దాటేస్తూ చదవగలిగినంతా దాంట్లోకి తోడుకోవాలి. అయితే ముసలి డిస్కు ఏ నిమిషాన పూర్తిగా కన్నుమూస్తుందో తెలియదు. ఏది ముందు తోడాలో ఇప్పుడే తేల్చుకోవాలి.

"అమ్మా, మీరు ఎప్పుడూ పని చేసేది D లో ఉన్నదాని మీదే కదా. E లోకి ఎప్పుడు కాపీ చేసేవారు?"

"ఆదివారం ఆదివారం. గుడి నుంచి వొచ్చాక."

"ఆఖరి వరస ఎప్పుడు టైపు చేశారు?"

ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు. "గురువారం తాత ఆఖరి వరస సెప్పాడు. ఆ పూటే టైపు సేసీసాను. శనివారం ఆయన పోయాడు. ఆదివారం..." ఆగిపోయారు. "ఆ ఆదివారం ఆయన్ని పూడ్చిపెట్టామండి. ఇంటికొచ్చి కంప్యూటర్ తియ్యలేదు. తరవాత ఆ ఫైలు ముట్టుకోబుద్దే కాలేదు."

ఇదీ లెక్క. C లో ఉన్నది మరీ పాతది, ఆ గది నిండిపోవడంతో ఆరో వరస దగ్గరే ఆగిపోయింది. E లో పదమూడు వరసలు. పద్నాలుగూ ఉన్నది D లో మాత్రమే, చెడ్డచోట్లన్నీ ఉన్న గదిలో, సగం జరిగి చిందరవందరైన గదిలో. ముందు D లోకి చెయ్యి పెడితే డిస్కు అక్కడే చచ్చిపోయి పద్నాలుగూ పోవచ్చు. ముందు E తోడితే, తర్వాత D కి ప్రాణం మిగలకపోవచ్చు.

ఇదంతా ఆవిడకి చెప్పి, "మీరే చెప్పండి" అన్నాను. నా తప్పుని ఆవిడ చేతిలో పెట్టడం ఎంత పిరికితనమో ఆ క్షణంలోనే తెలిసింది నాకు. అయినా అన్నాను.

ఆవిడ చాలాసేపు ఆ ఆగిన మిషన్ని చూశారు. క్లాసులో పిల్లలు తప్పు లెక్క చేస్తే బడిపంతులు చూసే చూపు కాదది. అలా చూసినా బాగుండేది.

"పదమూడు వరసలోళ్లని ముందు బైటికి తియ్యండి" అన్నారు.

తీశాం. ఆ రోజు మధ్యాహ్నం, మర్నాడు, ఆ మర్నాడు. అటెండరు టేబుల్ ఫ్యాను తెచ్చి డిస్కుకి ఎదురుగా పెట్టాడు. చెవి ఆనించి కూర్చుని, చప్పుడు మొదలవగానే, "ఆపండి సారూ, ఆయాసపడతన్నాది" అనేవాడు. ఆపేవాణ్ణి. చల్లారాక మళ్లీ మొదలు. ప్రోగ్రాం చూపించే అంకెల కన్నా ఆ మూడు రోజులూ నేను అతని చెవినే నమ్మాను. ఇంకెప్పుడూ కాకతాళీయం అన్నది లేదు.

మూడోరోజు మధ్యాహ్నానికి E వచ్చింది. ఫైలు తెరిచాను. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు అక్షరం లేదు. నా వెనక నిలబడ్డ టీచరమ్మగారు "ప్రభువా" అన్నారు. రెండు నిమిషాల తర్వాత గానీ బుర్ర పనిచేయలేదు. ఆవిడది పాతకాలం తెలుగు టైపు. ఆ అక్షరాల ఫాంటు లేని మిషన్లో తెరిస్తే అలా పిచ్చిగీతల్లాగే కనిపిస్తుంది. ఫాంటు ఎక్కించాను. గీతలు పోయి పేర్లు వచ్చాయి. మొదటి వరస, గోడ నుంచి నాలుగు అంగలు, ఒకటోది, ఫలానా ఆయన, వడ్రంగి. ఆవిడ తెర మీద వేలు పెట్టి పదమూడో వరస చివరిదాకా చదువుకున్నారు. వెంటనే ప్రింటు తీశాను. ఒకటి కాదు, ఆరు కాపీలు.

తర్వాత D మొదలుపెట్టాం. ఇరవై నిమిషాలు నడిచింది. అటెండరు చెయ్యెత్తాడు. నేను ఆపేలోపే లోపల గీసుకుంటున్న చప్పుడొకటి వచ్చి, ఆ తర్వాత ఏ చప్పుడూ లేకుండా పోయింది. మళ్లీ ఆన్ చేస్తే అక్కడ డిస్కు ఉన్నట్టే మిషన్‌కి తెలియలేదు. పండుగయ్యాక దాన్ని పెద్ద ఊరు పంపించాం కూడా. ఏమీ రాదని తిప్పి పంపారు. అదిప్పటికీ నా బీరువాలో ఉంది.

టీచరమ్మగారు కాగితాలు సంచిలో పెట్టుకుని, "సాలా కష్టపడ్డారండి" అనేసి వెళ్లిపోయారు. ఆవిడ గేటు దాటాక అటెండరు నా వైపు తిరిగాడు.

"సారూ, తమకి తెలీదేటి? ఆ పద్నాలుగో వరసలోనే ఆవిడ పెనిమిటి ఉన్నాడండి. ఆయనా పంతులే. నాకు రాయెట్టొద్దు, రాయెట్టుకోలేనోళ్ల పక్కనే పడుకోబెట్టండని సెప్పి మరీ పోయాడంట. ఊరందరికీ తెలుసు."

నాకు తెలియదు. ఆరోజు నేను అన్నం తినలేదు.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్లాను. క్షమాపణ ఎలా చెప్పాలో దారిపొడవునా కూర్చుకున్నాను. ఆవిడ పీట వేసి మంచినీళ్లిచ్చి, నా మాటలన్నీ విన్నారు.

"నేను మీ బొమ్మ ఇంకా దాసుకున్నానండి" అని నోటు పుస్తకం తెచ్చి ఆ పేజీ తీశారు. ఇల్లు, మూడు గదులు, ఎర్ర సిరాతో అడ్డగీతలు. నాకన్నా బాగా గీశారు. "మీరు గదులని సెప్పారు. ఇల్లు ఒకటేనని సెప్పలేదు."

కోపంగా అనలేదు. తిట్టినా తుడిచేసుకునేవాణ్ణి. ఆ మాట ఇప్పటికీ నాలోనే ఉంది.

పండుగరోజు మధ్యాహ్నమే వెళ్లాను. అటెండరూ వచ్చాడు. సంఘంవాళ్లు కాగితాలు చూసుకుని, అంగలు కొలుచుకుని, ముందురోజే ప్రతిచోటా కాస్త మట్టి పోగేసి ఇటుకలు పేర్చారు. పదమూడు వరసల్లోనూ పుల్లలు పాతి పేర్ల చీటీలు కట్టారు. జనం చీటీలు చదువుకుంటూ, మావాళ్లిక్కడే అని కూర్చుంటున్నారు. పద్నాలుగో వరసలో, మిగతా వరసల ఎడం చూసుకుని అంచనాగా పోగేసిన పన్నెండు దిబ్బలు. చివరిది గోతులు తీసిన ముసలాయనది, అది అందరికీ తెలిసినదే. మిగతా పదకొండుకీ చీటీల్లేవు. సంఘం రిజిస్టరులోంచి పదమూడు వరసల పేర్లు తీసేస్తే మిగిలినవాళ్లే కాబట్టి, ఆ వరసలో ఎవరెవరున్నారో తెలుసు. ఎవరు ఎక్కడో తెలియదు.

రోలుగుంట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ సున్నం బకెట్టు దించి, "మావోడెక్కడ టీచరమ్మా?" అంది.

"ఈ వరస పోనాది అత్తా" అన్నారు టీచరమ్మగారు. అక్కడితో ఆపేశారు. నా పేరెత్తలేదు.

నేను ముందుకి వెళ్లాను. "నా వల్ల పోయిందమ్మా. నేను చేసిన పొరపాటు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. ముసలమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందేమోనని కూడా అనుకున్నాను.

"అయితే మా బాబు ఈ పదకొండు మందిలోనే ఉన్నాడు కదా" అంది.

"ఉన్నాడమ్మా."

"మరయితే అన్నిటికీ ఏసీద్దుము. నా సున్నం సాలదు, నడుమూ వొంగదు. నిలబడి సూత్తావేటి, కుంచె పట్టు."

పట్టాను. అటెండరు నీళ్లు మోశాడు. మొదట ఆ ముసలమ్మా నేనూ వేస్తుంటే, ఆ వరస తాలూకు మిగతావాళ్లు కాసేపు చేతులు కట్టుకుని చూశారు. ఒకతను విసురుగా వెళ్లిపోయాడు కూడా, అతన్ని నేను తప్పుపట్టను. తర్వాత ఒకరొకరుగా వంగారు. ఎవరి సున్నం ఎవరి దిబ్బకి వేస్తున్నారో చూసుకోలేదు. పొద్దు వాలేసరికి పదకొండూ తెల్లగా అయ్యాయి. పూలు పదకొండు భాగాలు చేశారు.

టీచరమ్మగారు కూడా మాతోపాటు మొదటి దిబ్బ నుంచి చివరిదాకా కుంచె వేస్తూనే ఉన్నారు. ఎక్కడా ఎక్కువసేపు ఆగలేదు. అందరూ కొవ్వొత్తులు తీస్తున్నప్పుడు నెమ్మదిగా ఆవిడ పక్కకి వెళ్లి అడిగాను.

"మీరు వారంవారం ఇక్కడికి వచ్చేవారు కదమ్మా. మాస్టారు ఎక్కడో మీకైనా తెలిసే ఉండాలి కదా."

ఆవిడ వరస వైపు చూడలేదు. నా వైపే చూశారు.

"తెలుసండి. గేటు కాడ నుంచి కళ్లు మూసుకుని ఎల్లిపోగల్ను. కానీ ఇయ్యాల నేనెల్లి ఆయన కాడ నిలబడితే, మిగతా పదిమంది తాలూకువోళ్లూ ఏటి సెయ్యాలి? నా సేతిలో కొవ్వొత్తికేసి సూసుకుంటా కూకుంటారు. రాయే ఒద్దన్న మనిషికి, ఇప్పుడు నేనొక్కదాన్నే గురుతెట్టనా?"

ఆవిడ కొవ్వొత్తుల కట్టలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. "మీరూ ఒకటెట్టండి. ఎక్కడైనా పరవాలేదు."

పిల్లలూ, డిస్కులో హద్దులు జరిపే ముందు బ్యాకప్ ఉందా అని అడగండని అందరూ చెబుతారు. నేనూ అడిగాను. ఎక్కడుందో చూపించమనండి, చేత్తో ముట్టుకుని చూడండి. అది వేరే డబ్బాలో ఉండాలి, వీలైతే వేరే ఇంట్లో ఉండాలి. అవతలివాళ్లు నమ్మకంగా తలూపుతున్నప్పుడే ఇంకోసారి అడగండి, ఎందుకంటే వాళ్లు నమ్ముతున్నది మిమ్మల్ని.

రిటైరయ్యాక కూడా ప్రతి నవంబరులో ఒక బకెట్టు సున్నం పట్టుకుని వెళ్తున్నాను. ఆ వరసకి ఇప్పటికీ చీటీల్లేవు. మొదటి ఏడాది ఆవిడ ఇచ్చిన కొవ్వొత్తిని ఎడమ నుంచి ఆరో దిబ్బ మీద, గాలికి చెయ్యి అడ్డం పెట్టి వెలిగించాను. అది ఎవరి మీద పెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు.